అండర్‌పాస్‌లు, సొరంగం రోడ్లు, గోడ బొమ్మలు: డబ్బెవరిది, టెండరెవరిది, బాధ్యతెవరిది? తరచుగా అడిగే ప్రశ్నలు

వానాకాలం వస్తే ఒకసారి, స్వచ్ఛ సర్వేక్షణ్ సీజన్ వస్తే ఇంకోసారి కాలనీ గ్రూపుల్లో ఇవే ప్రశ్నలు తిరుగుతుంటాయి. విడివిడిగా జవాబులు చెప్పే ఓపిక అయిపోయి అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, పైనుంచి చదవాల్సిన పనిలేదు. ఇక్కడున్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పద్ధతులు. జీవోల్లో అంకెలు మారుతుంటాయి కాబట్టి మీ పనికి సంబంధించిన టెండర్ డాక్యుమెంట్‌లో ఏముందో అదే చివరి మాట.

## పని పుట్టక ముందు

మా ఏరియా అండర్‌పాస్ అసలు ఎవరిది? ఎవర్నడిగినా మాది కాదంటున్నారు

ముందు అది ఏ రోడ్డు మీద ఉందో, పైన ఏం పోతోందో చూడండి. పైన రైలు పట్టాలుంటే అది రైల్వే అండర్‌బ్రిడ్జి. మామూలుగా పట్టాల కింద ఉండే కాంక్రీటు పెట్టె రైల్వేది, అటూ ఇటూ దిగే రోడ్డు, కాలువ, లైట్లు కార్పొరేషన్‌వో ఆర్‌అండ్‌బీవో అవుతాయి. నీళ్లు తోడే పంపు ఎవరిదన్న దగ్గరే గొడవంతా. అది రెండు పక్షాల ఒప్పందంలో రాసి ఉంటుంది, ఆ కాగితం చూడకుండా ఎవరు ఏం చెప్పినా నమ్మకండి. జాతీయ రహదారి అయితే ఎన్‌హెచ్ఏఐ గానీ రాష్ట్ర ఆర్‌అండ్‌బీలో ఉండే ఎన్‌హెచ్ విభాగం గానీ చూసుకుంటాయి. హైదరాబాద్‌లో వ్యూహాత్మక రోడ్ల అభివృద్ధి పథకం (ఎస్ఆర్‌డీపీ) కింద కట్టిన మైండ్‌స్పేస్, అయ్యప్ప సొసైటీ, ఎల్బీనగర్ అండర్‌పాస్‌ల లాంటివి జీహెచ్ఎంసీ ఖాతాలో పుట్టినవి.

ఇంకో చిక్కు ఏంటంటే రోడ్డు ఒకరిది, దాని గోడ మీద బొమ్మ ఇంకొకరిది కావచ్చు. ఎన్‌హెచ్ ఫ్లైఓవర్ పిల్లర్లకు కార్పొరేషన్ వాళ్లు రంగులు వేయించడం మామూలే. అలాంటి చోట పిల్లర్ మీద బొమ్మ చెరిగితే కార్పొరేషన్‌ని, పిల్లర్‌కి పగులొస్తే ఎన్‌హెచ్ వాళ్లని అడగాలి.

ప్రతి ఏడాదీ అవే గోడలకి మళ్లీ మళ్లీ రంగులెందుకు వేస్తారు?

2016 నుంచి ఊళ్ల శుభ్రతకి కేంద్రం ఇచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులొస్తున్నాయి, ఊరి అందం కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి సర్వే టీమ్ దిగే ముందు గోడలు మెరవాలి. దాని పక్కన వీఐపీల రాకపోకలు, అంతర్జాతీయ సదస్సులు. 2023 మార్చి ఆఖర్లో విశాఖలో జీ20 సమావేశం జరిగినప్పుడు అతిథులు తిరిగే దారుల్లో గోడలు ఎలా మారిపోయాయో ఊళ్లో వాళ్లందరికీ గుర్తే.

తేదీ దగ్గర పడుతున్నప్పుడు పని మొదలవుతుంది కాబట్టి పాత రంగు గీకడం, చెమ్మ ఆరనివ్వడం, ప్రైమర్ కొట్టడం అన్నీ ఎగిరిపోతాయి. ఆరని గోడ మీద వేసిన రంగు వచ్చే ఏడాదికి ఎలాగూ ఊడుతుంది, మళ్లీ ఎస్టిమేట్ వేస్తారు. చాలామంది దీన్ని ఒట్టి అవినీతి అంటారు గానీ నేను చూసినంతలో సగం తొందరపాటే. మిగతా సగం గురించి మీరనుకునేది నిజమే.

ఈ డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది?

ఒక్కచోట నుంచి కాదు. కార్పొరేషన్ జనరల్ ఫండ్ అంటే మన ఆస్తి పన్ను, అది ఒకటి. ఆర్థిక సంఘం గ్రాంట్లు, స్వచ్ఛ భారత్ నిధులు ఉంటాయి. 2015లో మొదలైన స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చితో ముగిసింది, అది నడిచినన్నాళ్లూ విశాఖ, కాకినాడ, తిరుపతి, వరంగల్, కరీంనగర్ లాంటి ఊళ్లలో ఆ మిషన్ కోసం పెట్టిన కంపెనీల ద్వారా కూడా సుందరీకరణ పనులు జరిగాయి. ఆర్‌అండ్‌బీ రోడ్లకు రాష్ట్ర బడ్జెట్లో మెయింటెనెన్స్ పద్దు వేరే ఉంటుంది. కాబట్టి ఖర్చు ఎంతయిందని అడిగేటప్పుడే ఏ పద్దు (హెడ్ ఆఫ్ అకౌంట్) నుంచి అయిందో కూడా అడగండి, లేకపోతే సగం లెక్కే చేతికొస్తుంది.

కాలువలో పూడిక తీయడానికి నిధుల్లేవంటారు, బొమ్మలకు మాత్రం ఎక్కడి నుంచి వస్తాయి?

ఈ పేజీ మొత్తంలో నేను చెప్పదలుచుకున్నది నిజానికి ఇదే. బొమ్మ ఒకసారి చేసే పని. దానికి ఒక ఎస్టిమేట్, ఒక టెండర్, ఒక బిల్లు, ప్రారంభోత్సవం నాడు ఒక ఫోటో. పూడిక, పంపు, లైట్లు, గోడలో నీళ్లు పోయే గొట్టాలు (వీప్ హోల్స్) శుభ్రం చేయడం ఇవన్నీ ప్రతి నెలా చేయాల్సినవి, చేసినా ఎవరికీ కనపడవు, చేయకపోతే వాన పడిన రోజే తెలుస్తుంది. మన పద్దుల్లో ఒకసారి పనికి మంజూరు తెచ్చుకోవడం తేలిక, ఏడాదంతా చేసే పనికి కష్టం. బొమ్మలు వద్దని నేననను. బొమ్మ ఎస్టిమేట్‌లోనే దాని వెనక గోడ బాగు, వచ్చే మూడేళ్ల సంరక్షణ లేకపోతే ఆ డబ్బు సగం నీళ్లపాలే అంటున్నా, అండర్‌పాస్‌లో అయితే ఈ మాట అక్షరాలా నిజం.

ఏడాదంతా చేసే పనికి కాంట్రాక్ట్ ఇవ్వలేరా అంటే ఇవ్వగలరు. 2020లో జీహెచ్ఎంసీ సీఆర్ఎంపీ (సమగ్ర రోడ్ల నిర్వహణ కార్యక్రమం) పేరుతో 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను ఐదేళ్ల నిర్వహణకు ఏజెన్సీలకు అప్పగించింది, విలువ సుమారు 1,839 కోట్లు. రోడ్డు వేయడంతో పాటు ఫుట్‌పాత్, ఊడ్చడం, పచ్చదనం కూడా అందులో కలిపారు. అది ఎంత బాగా నడిచిందన్నది వేరే చర్చ, కానీ అలాంటి ఒప్పందం రాయొచ్చని మాత్రం రుజువైంది.

సొరంగం రోడ్డు ముందు భాగానికి మెయింటెనెన్స్ ఏముంటుంది? కొండ కదా, అది ఎటూ పోదుగా

కొండే పోయేది. విజయవాడ చిట్టినగర్ సొరంగం తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, వన్‌టౌన్ వైపు నుంచి భవానీపురం, విద్యాధరపురం వైపు పోయేవాళ్లకి అది రోజూ దారి. అలాంటి చోట రోడ్డు కంటే సొరంగం నోటి పైన ఉండే కొండ వాలు ముఖ్యం. పైనుంచి వచ్చే వాననీరు నోటి మీద పడకుండా పక్కకి తీసుకెళ్లే కాలువ ఉండాలి, వదులైన రాళ్లు ఏరేయాలి, అవసరమైతే రాళ్లని బిగించే రాక్ బోల్టులు, వలలు, వాలు మీద చిమ్మే కాంక్రీటు (షాట్‌క్రీట్) వేయాలి. గోడ కీళ్లలో మొలిచే రావి మొక్కని చిటికెన వేలంత ఉన్నప్పుడే పీకేయాలి, మణికట్టంత లావయ్యాక పీకితే గోడ పెచ్చు కూడా దాంతో పాటే వస్తుంది. లోపల లైట్లు, నోటి దగ్గర ఎత్తు బోర్డు, రిఫ్లెక్టర్లు ఇవన్నీ కూడా దీని కిందకే వస్తాయి.

2024 ఆగస్టు 31న అదే విజయవాడలో మొగల్రాజపురం దగ్గర కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఆ ఊళ్లో కొండ వాలు మీద పెట్టే ఖర్చుని సుందరీకరణ పద్దులో కలిపి చూడటం నాకు మింగుడుపడదు.

## ఎస్టిమేట్, టెండర్ దశ

బొమ్మకి చదరపు అడుగుకి ఇంత అని ప్రభుత్వ రేటు ఉంటుందా?

రంగు కొట్టడానికి ఉంటుంది. ఏటా వచ్చే ప్రభుత్వ రేట్ల పట్టిక ఎస్ఎస్ఆర్‌లో గీకడం, ప్రైమర్, బయటి గోడల ఎమల్షన్ రెండు పూతలు, ఇలాంటి వాటికి చదరపు మీటరుకి రేట్లుంటాయి. బొమ్మకి మాత్రం నైపుణ్యం కొలిచే కొలబద్ద ఏదీ ఎస్ఎస్ఆర్‌లో దొరకదు, కాబట్టి కొటేషన్లు తెప్పించి మార్కెట్ రేటు కింద పెడతారు, లేదా అడుగున లంప్‌సమ్ (విడి లెక్క లేకుండా మొత్తంగా ఇంత) అని ఒక లైన్ రాస్తారు. ఎస్టిమేట్ చేతికొస్తే ముందు ఆ లంప్‌సమ్ లైన్లే చదవండి. మొత్తంలో అవి ఎంత ఎక్కువుంటే అన్ని ప్రశ్నలడగొచ్చు.

ఎస్టిమేట్ తర్వాత పరిపాలనా మంజూరు, ఆ తర్వాత సాంకేతిక మంజూరు. మొదటిది ఈ పని చేయాలా వద్దా అన్న నిర్ణయం, రెండోది ఎలా చేయాలో, ఎంత అవుతుందో ఇంజినీరు పెట్టే సంతకం. రెండు తేదీలూ చూడండి. సాంకేతిక మంజూరు తేదీ కంటే ముందే గోడ మీద రంగు పడితే అక్కడే దొరికిపోయారు.

టెండర్ లేకుండా నామినేషన్ మీద ఇచ్చేశారు. అది తప్పా?

చిన్న పనుల్ని, అత్యవసర పనుల్ని ఒక పరిమితి వరకు నామినేషన్ మీద ఇవ్వడానికి నిబంధనలే వీలిస్తాయి. కాబట్టి నామినేషన్ అనగానే అరవాల్సిన పనిలేదు. చూడాల్సింది ముక్కలు చేశారా అన్నది. ఒకే అండర్‌పాస్ ఎడమ గోడ ఒక పని, కుడి గోడ ఇంకో పని, దిగే వైపు ఇంకొకటి, ఎక్కే వైపు మరొకటి, నాలుగూ ఒకే వారంలో, నాలుగూ పరిమితికి కాస్త కిందనే ఆగాయంటే అది టెండర్ తప్పించుకోవడానికి చేసిన పనే. మంజూరు పరిమితిని తప్పించుకోవడానికి పనిని విడగొట్టడం నిబంధనలకు విరుద్ధం. ఆ నాలుగు వర్క్ ఆర్డర్లూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి ఫిర్యాదుకి జతచేయండి, వంద మాటలక్కర్లేదు.

కాంట్రాక్టరు అంచనా కంటే 30 శాతం తక్కువకి (లెస్‌కి) వేశాడట. ఇక పనేం చేస్తాడు?

ఉమ్మడి రాష్ట్రంలో 2003లో వచ్చిన జీవో 94 నుంచి నడుస్తున్న పద్ధతి ప్రకారం అంచనా మీద 5 శాతం కంటే ఎక్కువకి (ఎక్సెస్‌కి) వేస్తే టెండర్ చెల్లదు, 25 శాతం కంటే లెస్‌కి వేస్తే ఆ పైన తేడాకి అదనపు సెక్యూరిటీ కట్టాలి. అంటే లెస్ వేయడం నేరం కాదు, కానీ వేసినవాడు డబ్బు ముందు పెట్టాలి. ఆ అదనపు సెక్యూరిటీ డీడీ రూపంలోనో బ్యాంకు గ్యారంటీగానో నిజంగా తీసుకున్నారా, గ్యారంటీ గడువు పని పూర్తయ్యేదాకా ఉందా అన్నది అడగండి.

30 శాతం లెస్ వచ్చిందంటే రెండే అర్థాలు. ఎస్టిమేటే ఉబ్బించి కట్టారు, లేదా పనిలో ఎక్కడో కోస్తారు. గోడ బొమ్మల పనిలో కోసేది మొదట ప్రైమర్‌ని, తర్వాత ఆర్టిస్టు కూలిని.

నేను ఆర్టిస్టుని. నేరుగా టెండర్ వేయొచ్చా?

సివిల్ టెండర్ అయితే రిజిస్టర్డ్ కాంట్రాక్టరై ఉండాలి, ఏ క్లాస్ కాంట్రాక్టర్ ఎంత విలువ పని వేయొచ్చో పరిమితులుంటాయి, పాత పనుల అనుభవం, జీఎస్టీ, టెండర్‌తో పాటు కట్టే ధరావతు (ఈఎండీ) అన్నీ అడుగుతారు. ఫైన్ ఆర్ట్స్ చదివి వచ్చిన కుర్రాడికి ఇవేవీ ఉండవు. అందుకే పనంతా ఒక సివిల్ కాంట్రాక్టరు తీసుకుని బొమ్మ వరకు ఆర్టిస్టులకి అడుగుకి ఇంత అని నోటిమాట మీద ఇస్తాడు. ఆర్టిస్టుకి కాగితం ఉండదు, డబ్బు ఆగితే అడిగే దిక్కుండదు.

దారి లేకపోలేదు. కార్పొరేషన్ తలుచుకుంటే గోడ పని టెండర్‌లో, బొమ్మ పని ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ ఇంట్రస్ట్ పిలిచి డిజైన్ చూసి విడిగా ఇవ్వొచ్చు. 2016లో హైదరాబాద్ ఎంఎస్ మక్తాలో వీధి కళ మీద పనిచేసే స్టార్ట్ (St+art) ఇండియా ఫౌండేషన్‌తో కలిసి చేసిన బొమ్మలు చూడండి, ఆర్టిస్టుల్ని ముందు పెట్టి చేసిన పనికీ టెండర్ బొమ్మకీ తేడా ఎంతో తెలుస్తుంది. మన దగ్గర హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ), ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం లాంటివి ఉండగా ఆర్టిస్టులు దొరకలేదనే మాట చెల్లదు.

సబ్ కాంట్రాక్ట్ తప్పకపోతే కనీసం ఇవి వాట్సాప్‌లోనైనా రాయించుకోండి: ఎన్ని చదరపు అడుగులు, అడుగుకి ఎంత, అడ్వాన్సు ఎంత, రంగులూ పరంజా ఎవరివి. కాంట్రాక్టరుకి బిల్లు వచ్చాకే మీకిస్తానంటే ఆ పని మానేయడమే మేలు, ఆయన బిల్లు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు.

కంపెనీ వాళ్లు సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత ఖర్చు) కింద ఉచితంగా వేస్తామన్నారు. ఇంకేం కావాలి?

మంచిదే, కళలు, వారసత్వ పరిరక్షణ సీఎస్ఆర్ జాబితాలో ఉన్నవే. కానీ మూడు విషయాలు రాతలో ఉండాలి. లోగో ఎంత సైజు, మూడేళ్లు ఎవరు చూసుకుంటారు, గోడ మరమ్మతు అవసరమైతే బొమ్మ తీసేసే హక్కు కార్పొరేషన్‌కి ఉందా. గోడంతా కంపెనీ రంగులే కనిపిస్తుంటే అది ప్రకటన, ప్రకటనకి ఫీజు కట్టాలి.

## పని జరుగుతున్నప్పుడు

బొమ్మ వేసి ఆరు నెలలు కాలేదు, అప్పుడే పెచ్చులూడుతోంది. పెయింటు నాసిరకమా?

ఎక్కువసార్లు పెయింటు తప్పు కాదు, గోడ వెనక నీళ్ల తప్పు. అండర్‌పాస్ పక్క గోడ వెనక అంతా మట్టి, ఆ మట్టిలో నీళ్లు. ఆ నీళ్లు బయటికి రావడానికే గోడలో వరసగా చిన్న గొట్టాలు పెడతారు, వాటినే వీప్ హోల్స్ అంటారు. దగ్గరికెళ్లి చూడండి, బొమ్మలో నెమలి కన్ను సరిగ్గా ఆ గొట్టం మీదకి వచ్చిందని పుట్టీతో మూసేసి పైన రంగేసిన గోడలు నాకు తెలుసు. బయటికి దారి లేని నీళ్లు కాంక్రీటు గుండా చెమ్మగా వస్తాయి, వస్తూ ఉప్పు తెస్తాయి, రంగు వెనక తెల్లగా పొడి పొంగుతుంది, వేలితో నొక్కితే బుడగలా లోపలికి పోతుంది. అప్పుడు ప్రపంచంలో ఏ కంపెనీ పెయింటైనా ఊడాల్సిందే.

పని జరిగేటప్పుడే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కొత్త కాంక్రీటైతే కనీసం 28 రోజులు ఆగారా. పాత రంగు, నాచు, పోస్టర్ల జిగురు పూర్తిగా గీకారా. అండర్‌పాస్ గోడలకి లోపలి గదులకి వాడే పుట్టీ వాడుతున్నారా, అది చెమ్మకి తట్టుకోదు. ప్రైమర్ డబ్బాలు, ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ డబ్బాలు సైట్లో ఉన్నాయా. ఖాళీ డబ్బాలు లెక్కపెట్టి ఫోటో తీసుకోండి, డబ్బా మీద ఎన్ని చదరపు అడుగులకి వస్తుందో కంపెనీయే రాస్తుంది, గోడ వైశాల్యంతో పోల్చి చూస్తే ఎన్ని పూతలు వేశారో లెక్క తేలిపోతుంది.

మన ఊరి గోడల మీద వార్లీ బొమ్మలే ఎందుకు ఎక్కువ?

వార్లీ మహారాష్ట్ర ఆదివాసుల కళ, అందమైనదే. కానీ ఇక్కడ ఎక్కువ కనిపించడానికి కారణం కళ మీద ప్రేమ కాదు. ఎర్రమట్టి రంగు గోడ మీద ఒక్క తెల్ల రంగుతో గీసేయొచ్చు, వేగంగా అవుతుంది, పెద్ద ఆర్టిస్టు అక్కర్లేదు. చదరపు అడుగుకి డబ్బిస్తున్నప్పుడు ఏది త్వరగా అయితే అదే వేస్తారు. చేర్యాల పటాల బొమ్మలనో, శ్రీకాళహస్తి కలంకారీనో గోడకెక్కించాలంటే చేయి తిరిగినవాళ్లు కావాలి, రోజులు కావాలి. కావాలంటే టెండర్లోనే రాయాలి, రాశాక ఆ రేటూ ఇవ్వాలి.

పని జరిగేటప్పుడు మామూలు జనం వెళ్లి అడగొచ్చా?

అడగొచ్చు. సైట్లో పని పేరు, విలువ, ఏజెన్సీ, గడువు రాసిన బోర్డు ఉండాలి. లేకపోతే ముందు దాన్నే అడగండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జే) ప్రకారం పనిని తనిఖీ చేయడం, సామగ్రి నమూనా తీసుకోవడం కూడా పౌరుడి హక్కే, దరఖాస్తు పెట్టుకుని వెళ్లాలి. పరంజా ఎక్కి పనివాళ్లతో గొడవ పడకండి, వాళ్లు రోజు కూలీకి వచ్చినవాళ్లు.

## బిల్లు దశ

బొమ్మని ఎలా కొలుస్తారు? ఎక్కువ కొలిచారని అనుమానం

ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలతలు తీసి కొలతల పుస్తకంలో, అంటే ఎం-బుక్‌లో రాస్తారు, పైఅధికారి కొంత భాగాన్ని మళ్లీ కొలిచి చెక్ మెజర్‌మెంట్ సంతకం పెడతారు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు జతవుతుంది, దాని మీద బిల్లు. అండర్‌పాస్ గోడ దీర్ఘచతురస్రం కాదు, దిగే చోట సున్నా ఎత్తుతో మొదలై మధ్యలో పూర్తి ఎత్తుకి వెళ్తుంది. దాన్ని మొత్తం పొడవు ఇంటూ మధ్యలోని ఎత్తు అని రాస్తే వాలు భాగంలో దాదాపు రెట్టింపు వచ్చేస్తుంది. ఉదాహరణకి 40 మీటర్ల వాలు గోడ, చివర 5 మీటర్ల ఎత్తు అనుకోండి, అసలు వైశాల్యం 100 చదరపు మీటర్లు, తప్పుగా రాస్తే 200. టేపు పట్టుకుని ఇద్దరు వెళ్తే పావుగంట పని ఇది. ఎం-బుక్ కాపీతో పోల్చండి.

4 లక్షల పని చేస్తే చేతికి అంత రాదంటున్నారు, ఎందుకు?

కోతలుంటాయి. ఎఫ్ఎస్‌డీ అని బిల్లులోంచి డిపాజిట్‌గా 7.5 శాతం ఆపే పద్ధతి ఉంటే 30 వేలు పక్కన పెడతారు, అది పోయిన డబ్బు కాదు, గడువు తర్వాత వస్తుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ టీడీఎస్ వ్యక్తులకైతే 1 శాతం అంటే 4 వేలు, కంపెనీలకి 2 శాతం. ఒప్పందం విలువ రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, అంటే 8 వేలు. కార్మిక సంక్షేమ సెస్ 1 శాతం పడితే ఇంకో 4 వేలు. అన్నీ పోగా 3 లక్షల 54 వేలు. జీఎస్టీ దీనికి వేరే, అది బిల్లు పైన కలిసొస్తుంది, మళ్లీ మీరు కట్టాలి. కొత్తగా ఈ పనుల్లోకొచ్చే ఆర్టిస్టులు ఈ లెక్క తెలియక రేటు కోట్ చేసి దెబ్బతింటున్నారు.

బిల్లు ఏళ్ల తరబడి పెండింగ్‌లో ఉంది. ఏం చేయాలి?

ముందు బిల్లు ఎక్కడ ఆగిందో తెలుసుకోండి, డివిజన్‌లోనా, అకౌంట్స్‌లోనా, ఆంధ్రాలో ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో టోకెన్ పడి ఆగిందా. టోకెన్ పడలేదంటే ఇంజినీర్ల దగ్గరే ఉంది, అక్కడ తిరగండి. పడి ఆగిందంటే నిధుల విడుదల సమస్య, ఏఈ చుట్టూ తిరిగి లాభం లేదు. లిఖితపూర్వకంగా అడుగుతూ ఉండండి, రేపు కోర్టుకెళ్లినా ఆ ఉత్తరాలే పనికొస్తాయి.

## పని అయిపోయాక

డిఫెక్ట్ లయబిలిటీ ఉంది కదా, ఊడిన బొమ్మని మళ్లీ వేయించొచ్చా?

పనయ్యాక బయటపడే లోపాల్ని గడువు వరకు కాంట్రాక్టరే సరిచేయాలన్నదే డిఫెక్ట్ లయబిలిటీ. రోడ్డు, కాంక్రీటు పనులకి రెండేళ్ల బాధ్యత పెట్టడం మామూలే. రంగులకి, బొమ్మలకి ఎంత అనేది ఆ టెండర్‌లో ఏం రాస్తే అది. చాలా ఒప్పందాల్లో సివిల్ పనుల షరతే మక్కీకి మక్కీ దించి ఉంటుంది, అదీ మనకి మంచిదే, బొమ్మకి కూడా వర్తిస్తుందని వాదించొచ్చు. గడువు తీరకముందే ఫోటోలతో రాతపూర్వకంగా చెప్పండి, ఎఫ్ఎస్‌డీ విడుదల చేయొద్దని అందులోనే కోరండి. డబ్బు వెనక్కి ఇచ్చేశాక కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడు.

బొమ్మల మీద సినిమా పోస్టర్లు, కోచింగ్ సెంటర్ల కాగితాలు అంటిస్తున్నారు

బహిరంగ ప్రదేశాల రూపు చెడగొట్టడాన్ని నిషేధిస్తూ 1997లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. కార్పొరేషన్లు జరిమానా వేస్తాయి. పోస్టర్ మీద ఫోన్ నంబరు ఎలాగూ ఉంటుంది, అది కనపడేలా ఫోటో తీసి పంపండి.

ఎలక్షన్ కోడ్ వస్తే బొమ్మల మీద తెల్ల సున్నం కొట్టేస్తారా?

కోడ్ అమల్లోకి రాగానే పార్టీల రాతలు, నాయకుల బొమ్మలు తీసేయాలి. ప్రభుత్వ ఆఫీసుల ఆవరణల్లో 24 గంటలు, రోడ్లు, వంతెనలు, బస్టాండ్ల లాంటి చోట్ల 48 గంటలు, ప్రైవేటు ఆస్తి మీద 72 గంటల గడువు. నెమలికీ కూచిపూడి భంగిమకీ కోడ్‌తో పనిలేదు. కానీ బొమ్మ మూలన పథకం పేరో నాయకుడి ముఖమో ఇరికించి ఉంటే ఆ ముక్క కోసం గోడంతా కొట్టేసిన సందర్భాలున్నాయి. డిజైన్ దశలోనే అలాంటివి రానివ్వకపోతే ఐదేళ్లకోసారి ఈ ఖర్చు తప్పుతుంది.

నేను వేసిన బొమ్మని చెప్పకుండా చెరిపేశారు. నాకేమైనా హక్కుందా?

కాపీరైట్ యజమాని ఎవరన్నది ఒప్పందాన్ని బట్టి, ప్రభుత్వం కోసం చేసిన పనైతే ఒప్పందంలో వేరే రాయకపోతే హక్కు ప్రభుత్వానికే వెళ్లొచ్చు. కానీ 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 57 కింద కళాకారుడి నైతిక హక్కు వేరు, కాపీరైట్ అమ్మేసినా అది ఉంటుంది. అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో చేసిన కంచు మ్యూరల్‌ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు, ముక్కలైంది. ఆయన కోర్టుకెళ్తే 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ మిగిలిన భాగాలు ఆయనకి ఇచ్చేయమని, 5 లక్షల పరిహారం కట్టమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఎన్నేళ్లు పట్టిందో చూశారుగా, అందుకే మొదటే ఒప్పందంలో చెరిపే ముందు 30 రోజుల నోటీసు అని ఒక్క వాక్యం రాయించుకోవడం తెలివైన పని. అండర్‌పాస్ గోడ మీద రంగుబొమ్మకి కోర్టు ఇదే తీర్పిస్తుందని మాత్రం అనుకోకండి, ప్రతి కేసు వేరు.

అండర్‌పాస్‌లో నీళ్లు నిలిచి ప్రమాదం జరిగితే బాధ్యులెవరు?

ఇది ఊహించుకున్న ప్రశ్న కాదు, జరిగినవే. 2021 అక్టోబరులో తిరుపతి వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జి నీళ్లలో వాహనం చిక్కుకుని కొత్తగా పెళ్లయిన అమ్మాయి చనిపోయింది. 2023 మే 21న బెంగళూరు కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో కారు మునిగి ఆంధ్రా నుంచి వెళ్లి ఉద్యోగం చేసుకుంటున్న 22 ఏళ్ల అమ్మాయి పోయింది. ఇలాంటి చోట్ల కావాల్సినవి చాలా చవకైనవి: నీటి మట్టం చూపే రంగు గీతలు గోడ మీద, అడ్డుగా దించే గేటు, వాన పడితే అక్కడ నిలబడే మనిషి, డీజిల్ ఇంజిన్‌తో నడిచే రెండో పంపు. కరెంటు పోతే ఆగిపోయే పంపు ఒక్కటే ఉంటే అది లేనట్టే.

బాధ్యత మాత్రం నిర్వహణ ఎవరి చేతిలో ఉందో వాళ్లదే. వాన ముందు పూడిక ఎప్పుడు తీశారు, పంపు టెస్ట్ రన్ రిజిస్టర్‌లో చివరి తేదీ ఏంటి, ఈ రెండు కాగితాలు ఏప్రిల్, మే నెలల్లోనే అడగండి.

మన దగ్గరేనా, పెద్ద ప్రాజెక్టుల్లో కూడా ఇంతేనా?

ఢిల్లీ ప్రగతి మైదాన్ సొరంగం చూడండి. 1.3 కిలోమీటర్ల సొరంగం, 920 కోట్లకి పైగా ఖర్చయిన ప్రాజెక్టులో భాగం, 2022 జూన్‌లో ప్రధాని ప్రారంభించారు. గోడల నిండా బొమ్మలు, దేశమంతా ఫోటోలు తిరిగాయి. తర్వాతి వానాకాలాల్లో నీళ్లొచ్చి మూసేయాల్సి వచ్చింది, 2024 ఫిబ్రవరిలో అక్కడి పీడబ్ల్యూడీ లీకేజీలు, లోపాల మీద కాంట్రాక్టు కంపెనీకి 500 కోట్లు అడుగుతూ నోటీసిచ్చింది, కంపెనీ కూడా తిరిగి అంతే అడిగింది. డబ్బు ఎక్కువైతే నీళ్లు భయపడవు.

## కాగితాలు, ఫిర్యాదులు

ఆర్టీఐలో ఏం అడగాలి? గతంలో వేస్తే సమాచారం లేదని రాశారు

ఎందుకు, ఏమిటి అని అడిగితే అలాగే రాస్తారు. కాగితం పేరు పెట్టి అడగండి. ఎస్టిమేట్ నకలు, సాంకేతిక మంజూరు, ఒప్పందంలో షెడ్యూల్ పేజీలు, ఎం-బుక్ పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, చెల్లించిన బిల్లులు, డిఫెక్ట్ లయబిలిటీ ముగిసే తేదీ. ఒక దరఖాస్తులో ఒకే పని గురించి రాయండి. ఫీజు కార్పొరేషన్ ఆఫీసులో 10 రూపాయలు, నకలుకి పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, సగమే ఇచ్చినా 30 రోజుల్లోపు అదే ఆఫీసులో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి.

కాగితాలు ఎక్కువనిపిస్తే ఫైలు తనిఖీ అడగండి. వెళ్లి కూర్చుని చూసి, కావాల్సిన పేజీలే తీసుకోవచ్చు, నాకు ఇదే బాగా కలిసొచ్చింది.

వాణిజ్య రహస్యం, ఇవ్వలేమన్నారు. నిజమేనా?

సెక్షన్ 8(1)(డి) చూపిస్తారు. టెండర్ ఇంకా తేలకముందు ఇతరుల రేట్లు ఇవ్వకపోవడంలో అర్థముంది. ఒప్పందమై ప్రజల డబ్బు చెల్లించాక ఆ బిల్లు రహస్యమంటే కుదరదు, ప్రజా ప్రయోజనం ఎక్కువుంటే ఇవ్వాలని అదే సెక్షన్ చెబుతోంది. మొదటి అప్పీలులో ఈ ఒక్క మాటే రాయండి, పేజీలకి పేజీలు వద్దు.

సోమవారం అర్జీ ఇస్తే పనవుతుందా?

తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక (పీజీఆర్ఎస్), రెండూ సోమవారాలే. వెలగని లైటు, మూసుకుపోయిన కాలువ, చెడిపోయిన పంపు లాంటివి ఇక్కడ బాగానే కదులుతాయి. కొలతల్లో తేడా, ముక్కలు చేసిన పనుల సంగతి ఇక్కడ పెట్టకండి, మళ్లీ అదే డివిజన్‌కి వెళ్లి పరిశీలించి పరిష్కరించామని తిరిగొస్తుంది. వాటిని కాగితాలతో కలిపి కమిషనర్‌కి, ఒక నకలు విజిలెన్స్‌కి, ఒకటి ఆడిట్ వాళ్లకి పంపండి. ఆడిట్ వాళ్లకి పంపేటప్పుడు పైన ఉత్తరం కంటే ఎం-బుక్ పేజీ నకలు, దాని పక్కన మీరు టేపుతో కొలిచిన లెక్క ఉంటే చాలు.